లాస్ ఏంజలెస్‌లో ప్రింట్ల కోసం తిరిగాం: 500 డాలర్ల అడ్వాన్స్ కథ

అమెరికన్ ఆర్ట్ ప్రింట్లు (కళాకారులు లెక్కపెట్టి అచ్చు తీయించే బొమ్మలు) కొందామని లాస్ ఏంజలెస్ వైపు వెళ్ళేవాళ్ళకి ముందుగా ఒక మాట. సముద్రం ఒడ్డున టూరిస్టులు తిరిగే వీధుల్లో, చేతికి వైన్ గ్లాసు ఇచ్చి లోపలికి పిలిచే గ్యాలరీల్లో అడ్వాన్స్ కట్టకండి. మా బావమరిది చేత 500 డాలర్లు కట్టించుకున్నారు. అవి వెనక్కి రాబట్టేసరికి మధ్యాహ్నం భోజనం కాస్తా పోయింది.

డాలస్ నుంచి నేను, మా ఆవిడ, బావమరిది వెళ్ళాం. నేను కారు పార్క్ చేసి (గంటకి 8 డాలర్లు) వచ్చేసరికి అతన్ని చిన్న గదిలో సోఫా మీద కూర్చోబెట్టారు. ఎదురుగా గోడకి బొమ్మ. సేల్స్‌మన్ లైటు తగ్గిస్తూ పెంచుతూ, "వెలుగుతో పాటు బొమ్మ ఎలా మారుతోందో చూడండి" అంటున్నాడు. లైటు అలా ఆడిస్తే గోడ మీద క్యాలెండర్ కూడా మారుతుంది. ఫ్రేముతో కలిపి 2,850 డాలర్లు. చేత్తో తీసిన లిథోగ్రాఫ్ (రాతి మీద గీసి అచ్చు తీసే బొమ్మ), లిమిటెడ్ ఎడిషన్ (ఇన్ని కాపీలే అని లెక్క కట్టి తీసింది), ఈ రేటు ఇవాళ ఒక్కరోజే అని చెప్పి అప్పటికే కార్డు గీకించేశారు.

దగ్గరికెళ్ళి కింది అంచు చూశాను. 412/950 అని ఉంది. తొమ్మిది వందల యాభై కాపీల్లో ఒకటి. సంతకం పెన్సిల్‌తో పెట్టింది కాదు, బొమ్మతో పాటే అచ్చయింది. చిన్న భూతద్దం ఎప్పుడూ నా జేబులో ఉంటుంది. అది పెట్టి చూస్తే నల్ల గీతలో కూడా నీలం, గులాబీ, పసుపు చుక్కలు. ఇంక్‌జెట్ ప్రింటర్ పని. ఇంక్‌జెట్ వాడటం తప్పు కాదు, మంచి కళాకారులే వాడుతున్నారు. దాన్ని రాతి మీద గీసి తీసిన లిథో అని చెప్పి అమ్మడం మోసం.

డబ్బు తిరిగి ఇవ్వమంటే మేనేజర్ వచ్చాడు. అడ్వాన్స్ వెనక్కి ఇవ్వరట, రసీదు వెనక రాసి ఉందట. మా వైపు చూడకుండానే చెప్పాడు. "ఏమండీ, వదిలేయండి, ఆకలేస్తోంది" అంటుంది మా ఆవిడ. బావమరిది ముఖం కందగడ్డలా అయిపోయింది.

ఇక్కడ కాలిఫోర్నియా చట్టం పనికొచ్చింది. ప్రింట్ల అమ్మకం మీద 1970లోనే అక్కడ చట్టం చేశారు. సివిల్ కోడ్‌లో 1740వ సెక్షన్ నుంచి ఉంటుంది. ప్రింటు, ఫోటో, పోత పోసిన శిల్పం, ఏదైనా సరే ఒకటికి మించి కాపీలు ఉండి, ఫ్రేము కాకుండా 100 డాలర్లు లేదా అంతకు మించి పలికితే డీలర్ రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇవ్వాలి. ఏ పద్ధతిలో తీశారు, ఎప్పుడు తీశారు, ఎన్ని తీశారు, సంతకం కళాకారుడు స్వయంగా చేసిందేనా, అన్నీ అందులో ఉండాలి. తప్పు రాస్తే డబ్బు వడ్డీతో కట్టాలి. కావాలని చేశారని తేలితే మూడు రెట్ల దాకా అడగొచ్చు.

ఫోన్‌లో ఆ సెక్షన్ తెరిచి, "చేత్తో తీసిన లిథో అని సర్టిఫికెట్‌లో రాసి సంతకం పెట్టండి, మిగతా 2,350 ఇప్పుడే కడతాం" అన్నాను. మేనేజర్ లోపలికెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చాక మారు మాట్లాడకుండా 500 కార్డుకి తిరిగి వేశాడు.

తర్వాతి రెండు రోజులు హాయిగా గడిచాయి. బస మాత్రం బాగాలేదు. హాలీవుడ్ దగ్గర మోటల్ రూము 179 అని బుక్ చేస్తే ఫెసిలిటీ ఫీజు 32, పార్కింగ్ 40 కలిపి రోజుకి 251 వసూలు చేశారు. ఈసారి వెళ్తే పసడేనాలో ఉంటాం. అక్కడ నార్టన్ సైమన్ మ్యూజియం కూడా దగ్గరే.

మెల్‌రోజ్ అవెన్యూలో ఉన్న జెమినై జి.ఇ.ఎల్. అనే ప్రింట్ల వర్క్‌షాప్ మాత్రం తప్పకుండా చూడండి, వెళ్ళేముందు ఫోన్ చేయండి. 1966లో మొదలైన వర్క్‌షాప్ అది. కట్టడంలో కొంత భాగం ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గెహ్రీ డిజైన్. అమెరికన్ చిత్రకారుడు రాబర్ట్ రాషెన్‌బర్గ్ తన శరీరం ఎక్స్‌రేలతో మనిషెత్తు లిథోగ్రాఫ్ "బూస్టర్" చేసింది అక్కడే, 1967లో. 38 కాపీలు మాత్రమే తీశారు.

నాకు అంతకన్నా ఇష్టమైన కథ అక్కడే తయారైన, శిల్పి క్లేస్ ఓల్డెన్‌బర్గ్ "ప్రొఫైల్ ఎయిర్‌ఫ్లో"ది. 1969లో పాత క్రైస్లర్ కారు ఆకారాన్ని పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్‌తో పోత పోసి, కింద లిథోగ్రాఫ్ కనిపించేలా చేసిన ఎడిషన్. మొత్తం 75 కాపీలు. సగం ప్రింటు, సగం శిల్పం. కొన్నాళ్ళకి ఆ ప్లాస్టిక్ రంగు మారడం మొదలైతే, అమ్మేసినవాటిని వెనక్కి పిలిపించి మళ్ళీ పోత పోసి ఇచ్చారు. అమ్మిన వస్తువుకి పూచీ అంటే అదీ.

లాస్ ఏంజలెస్‌లోని బ్రాడ్ మ్యూజియంలో మామూలు ప్రవేశానికి డబ్బు కట్టక్కర్లేదు, కానీ ముందే టైము బుక్ చేసుకోండి. అక్కడున్న శిల్పి జెఫ్ కూన్స్ నీలం "బెలూన్ డాగ్" (బెలూన్ కుక్క ఆకారపు స్టీలు శిల్పం) ఐదు రంగుల్లో ఒక్కోటి చొప్పున చేసిన వాటిలో ఒకటి. నారింజ రంగుది 2013లో 5.84 కోట్ల డాలర్లకి పోయింది. అదే కుక్కని 1995లో ఎర్రటి పింగాణీ ముక్కగా 2,300 కాపీలు చేశారు. శిల్పాల ఎడిషన్ కొనేవాళ్ళు ధర కంటే ముందు ఈ కాపీల సంఖ్యే అడగాలి.

"బావా, ప్రింటంటే జిరాక్సే కదా, దానికింత ధరేంటి?" అన్నాడు బావమరిది కార్లో. చిత్తూరు ప్రాంతంలో పుట్టిన ప్రింట్ కళాకారుడు కృష్ణారెడ్డి గారి గురించి చెప్పాను. ఆయన శిల్పి కూడా. లోహపు రేకుని శిల్పంలా వేర్వేరు లోతుల్లో చెక్కి, చిక్కదనం తేడా ఉన్న రంగుల్ని అదే రేకు మీద ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించి, ఒకే ఒత్తుతో రంగుల ప్రింటు తీసేవారు. చివరి దశాబ్దాలు న్యూయార్క్‌లోనే గడిపి 2018లో పోయారు. అది విన్నాక అతను భూతద్దం అడిగి తీసుకున్నాడు.

లాస్ ఏంజలెస్ దగ్గరి అర్టీజియాలో పయనీర్ బులెవార్డ్ మీద భోజనం చేశాం. మనిషికి 17 డాలర్లు, పప్పు రెండుసార్లు వడ్డించారు, మా ఆవిడ కోపం అక్కడ తీరింది.

చివరిరోజు ఒక చిన్న వర్క్‌షాప్‌లో 900 డాలర్లకి లిథోగ్రాఫ్ కొన్నాను. 11/25. పెన్సిల్ సంతకం, మూలన వర్క్‌షాప్ ఉబ్బెత్తు ముద్ర. అడగకముందే కాగితం రకం, రంగులు, తీసిన ప్రూఫులు (ఎడిషన్ లెక్కలోకి రాని కాపీలు), అచ్చు తీసిన మనిషి పేరు రాసిన షీటు చేతిలో పెట్టారు. డాలస్‌కి పంపడానికి 95 తీసుకున్నారు, ట్యూబులో చుట్టకుండా రెండు అట్టల మధ్య పెట్టి. ఫ్రేము కట్టించేటప్పుడు యాసిడ్ లేని అట్ట వాడమని, జిగురుతో వెనక అతికించొద్దని, అంచులు కత్తిరించొద్దని ఫ్రేమువాడికి రాసి ఇవ్వండి. అంచు కత్తిరిస్తే నంబరు, ముద్ర కూడా పోయి, తిరిగి అమ్మేటప్పుడు సగం ధర కూడా రాదు.