మెథోట్రెక్సేట్ 2.5 మి.గ్రా. మాత్ర: సార్కాయిడోసిస్ ఉన్న పసిపిల్లలకి ఎంతవరకు పనికొస్తుంది?

సార్కాయిడోసిస్ అంటే రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి చర్మం, కీళ్లు, కళ్లలో వాపు తెచ్చే జబ్బు. మెథోట్రెక్సేట్ ఆ వ్యవస్థని అణిచే మందు. కీళ్ల వాపుకి ఈ మాత్రని నమ్మొచ్చు. కంటికి మాత్రం దీన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు. చవక, హైదరాబాద్‌లో దొరకడానికీ ఇబ్బంది లేదు. ఐదుకి నాలుగు మార్కులిస్తాం.

ముందు ఇది ఎవరికో చెప్పాలి. ఐదేళ్లలోపు పిల్లల్లో సార్కాయిడోసిస్ పెద్దవాళ్లలోలా ఊపిరితిత్తులతో మొదలవడం అరుదు. అందుకే ఛాతీ ఎక్స్‌రే బాగుందని జబ్బు లేదనుకోకూడదు. మొదట ఒంటిమీద ఆవగింజల కంటే చిన్న పొక్కులు, పొడిగా, గరుగ్గా వస్తాయి. ఎగ్జిమా అనుకుని నెలల తరబడి క్రీములు రాస్తారు. తర్వాత మణికట్లు, చీలమండలు, మోకాళ్లు ఉబ్బుతాయి. నొక్కితే పిండిముద్దలా మెత్తగా తగులుతాయి. నొప్పి పెద్దగా ఉండదు, పిల్లాడు పరుగెడుతూనే ఉంటాడు, ఇంట్లో బొద్దుగా ఉన్నాడనుకుంటారు. ఆ పొక్కుల్లోంచే చిన్న ముక్క తీసి బయాప్సీ చేయడం అన్నిటికన్నా తేలిక. అందులో గ్రాన్యులోమా (వాపు కణాల చిన్న ముద్ద) కనిపిస్తే మన దగ్గర ముందు టీబీని అనుమానిస్తారు. అది సబబే. స్టెరాయిడ్ మొదలుపెట్టకముందే ఆ పరీక్షలు పూర్తి కావాలి. నాడ్2 జన్యువులో మార్పు తేలితే దాన్ని బ్లావ్ సిండ్రోమ్ అంటారు. రక్తంలో ఏసీఈ అనే ఎంజైమ్ ఒక్కటే చూసి నిర్ధారించకూడదు, చిన్నపిల్లల్లో అది మామూలుగానే ఎక్కువుంటుంది.

ఇక మాత్ర సంగతి. మోతాదు ఒంటి వైశాల్యాన్ని బట్టి, చదరపు మీటరుకి 10 నుంచి 15 మి.గ్రా., వారానికి ఒక్కసారే. 12 కిలోలు, 87 సెం.మీ. ఉన్న పిల్లకి వైశాల్యం దాదాపు 0.54 చదరపు మీటర్లు. అంటే 5.4 నుంచి 8 మి.గ్రా. లెక్కకి వస్తుంది, డాక్టర్లు రెండు లేదా మూడు మాత్రలు రాస్తారు. మాత్రలు విరిచే పని లేకుండా మోతాదు కుదరడం ఈ సైజులో నచ్చిన విషయం. 2.5 అనుకుని పొరపాటున వేయకుండా 10 మి.గ్రా. మాత్ర ఇంట్లోకే రానివ్వకండి.

అసలు ప్రమాదం వారం లెక్కలో ఉంది. మెథోట్రెక్సేట్, దానితోపాటు ఇచ్చే విటమిన్ ఫోలిక్ యాసిడ్ రెండూ చిన్న పసుప్పచ్చ మాత్రలే. అరచేతిలో పక్కపక్కన పెడితే పోల్చుకోవడం కష్టం. ఫోలిక్ అనుకుని దీన్ని వరసగా నాలుగైదు రోజులు వేస్తే నోరు పూస్తుంది, రక్తకణాలు పడిపోతాయి. స్ట్రిప్‌లోంచి విడిగా తీసి డబ్బాలో పోయకండి. మందుల షాపులోనే స్ట్రిప్ మీద "శనివారం మాత్రమే" అని రాయించండి. శనివారం రాత్రి పడుకునేముందు వేస్తే వికారం చాలావరకు నిద్రలో గడిచిపోతుంది.

నలిపి పొడి చేయొద్దు, ఆ పొడి ఎవరూ పీల్చకూడదు. గ్లౌజులు తొడుక్కుని మాత్రల్ని 10 మి.లీ. సిరంజిలో వేసి, నీళ్లు లాగి, కరిగాక నోట్లో వదలండి. మళ్లీ కొంచెం నీళ్లు లాగి అవీ తాగించండి. పాలల్లో, పెరుగన్నంలో కలపొద్దు. ఆ వికారం గుర్తుండి పిల్లలు తర్వాత పాలే ముట్టరు. తల్లి గర్భవతి అయితే ఈ పని ఇంకొకరు చేయాలి.

ఎస్‌జీపీటీ (కాలేయం), సీబీసీ (రక్తకణాలు) పరీక్షలకి రక్తం గురువారమో శుక్రవారమో ఇవ్వండి. మాత్ర వేసిన మర్నాడే ఇస్తే కాలేయం అంకెలు పెరిగి అనవసరంగా మందు ఆపాల్సొస్తుంది. జ్వరమొస్తే ఆ వారం వేయాలో మానాలో డాక్టర్నే అడగాలి. విరేచనాలకో దగ్గుకో ఎవరైనా సెప్ట్రాన్ అనే యాంటీబయోటిక్ రాస్తే మెథోట్రెక్సేట్ సంగతి చెప్పండి, రెండూ కలిస్తే ఎముక మజ్జ దెబ్బతింటుంది. పల్స్ పోలియో ఆదివారం చుక్కలు వేయించేముందు కూడా అడగండి, అవి బతికున్న వైరస్‌తో చేసినవి.

గుణం కనిపించడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. అప్పటిదాకా ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ సిరప్ తోడుంటుంది, దాన్ని హఠాత్తుగా ఆపకూడదు.

కంటి లోపలి వాపు మాత్రం ఎరుపు, నొప్పి లేకుండానే సాగి చూపు తీస్తుంది. మూడు నెలలకోసారైనా స్లిట్ ల్యాంప్ (సన్నటి వెలుగుతో కంటి లోపల చూసే) పరీక్ష తప్పదు. బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి, మెహిదీపట్నంలో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉన్నాయి. వాపు అదుపు కాకపోతే రెండు వారాలకోసారి వాపు తగ్గించే అడలిముమాబ్ ఇంజెక్షన్ చేరుస్తారు. అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. మే నెలలో షాపు నుంచి ఇంటికి తెచ్చేటప్పుడు ఐస్ ప్యాక్ పెట్టించుకోండి, సిరంజి ఐస్‌కి నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డ చుట్టించండి.