అట్రజిన్ మట్టికి చేనిలోని బాక్టీరియానా, కొన్న కల్చరా?

మొక్కజొన్నకి కొట్టే కలుపు మందు అట్రజిన్ మట్టిలో మిగిలితే, దాన్ని విరగ్గొట్టే బాక్టీరియాతో శుభ్రం చేయొచ్చు. అందుకు చేనిలోని బాక్టీరియా వాడాలా, పెంచి అమ్మే కల్చర్ కొనాలా? దొడ్డబళ్ళాపురం వైపు మొక్కజొన్న చేల మట్టి బెంగళూరు ల్యాబుకి తెస్తే, అందులోని బాక్టీరియానే నమ్మడం మేలు. నైట్రోజన్ లేని 100 మి.లీ. మీడియంలో (బాక్టీరియా పెంచే ద్రవంలో) 5 గ్రాముల మట్టి, కార్బన్ కోసం లీటరుకు 1 గ్రాము సిట్రేట్, 30 మి.గ్రా. అట్రజిన్ లెక్కన వేసి షేకర్‌పై పెట్టండి. వారానికోసారి కొత్త మీడియంలోకి 5 మి.లీ. మార్చండి. నైట్రోజన్‌కి వేరే దిక్కుండదు కాబట్టి అట్రజిన్‌ని విరగ్గొట్టేవే మిగులుతాయి. నైట్రోజన్ ఉండే ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ చిటికెడు పడిందా, అంతా వృథా!

కొన్న కల్చర్ త్వరగా పని మొదలెడుతుంది, నిజమే. కానీ అట్రజిన్‌ని విరగ్గొట్టే బాక్టీరియా సూడోమోనాస్ ఏడీపీలో ఆ పని చేసే జన్యువులు ప్లాస్మిడ్ (ప్రధాన క్రోమోజోమ్‌కి వేరుగా ఉండే చిన్న డీఎన్ఏ) మీద ఉంటాయి. అట్రజిన్ లేని మామూలు బ్రాత్‌లో (పోషక ద్రవంలో) పెంచుతూ పోతే అవి ఊడిపోవచ్చు.

ఏది వాడినా, అట్రజిన్‌తో తెల్లబారిన అగార్‌పై (బాక్టీరియా పెంచే జెల్లీపై) కాలనీ చుట్టూ తేటపడిందో లేదో ముందు చూడండి; తేటపడితే అట్రజిన్ విరిగినట్టే. యూరియా ఎక్కువున్న మట్టిలో నైట్రోజన్ సులువుగా దొరుకుతుంది కాబట్టి రెండూ మందగిస్తాయి.