సీబీటీనా, సైకోడైనమిక్ థెరపీనా? కొత్త థెరపిస్టు ముందు ఏది నేర్చుకుంటే మేలు?

సైకాలజీలో పీజీ పూర్తిచేసి థెరపీలోకి రావాలనుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) ఇప్పటి ఆలోచనల్ని, అలవాట్లని మార్చుకోవడం మీద పనిచేస్తుంది, సైకోడైనమిక్ థెరపీ గతం నుంచి వచ్చిన, మనకే తెలియని భావాల మీద పనిచేస్తుంది. నా మాట ముందే చెప్పేస్తాను, సీబీటీతో మొదలుపెట్టండి, కానీ అక్కడే ఆగిపోకండి.

సీబీటీలో చేసే పని కంటికి కనిపిస్తుంది. చాలావరకు 12 నుంచి 20 సెషన్లు, ప్రతిసారీ ఏం మాట్లాడాలో ముందే అనుకోవడం, ఇంటి దగ్గర చేయడానికి హోమ్‌వర్క్. పానిక్ ఎటాక్స్ వచ్చే మనిషి గుండె దడ మొదలవగానే ప్రాణం పోతుందని భయపడుతుంటే, గదిలోనే కాసేపు ఉన్నచోటే పరుగెత్తించి, ఆ దడ దానంతటదే తగ్గడం ఆ మనిషే గమనించేలా చేస్తాం. ఓసీడీకి (వద్దన్నా వచ్చే ఆలోచనలు, చేసినదే మళ్లీ మళ్లీ చేయాలనే తపన ఉండే సమస్య) ఈఆర్‌పీ (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్) ఉంది, అంటే భయపెట్టే దాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొంటూ, చేతులు కడగాలన్న తపనను ఆపుకోవడం. ఇది తెలియకుండా ఓసీడీ ఉన్నవాళ్లను నెలల తరబడి చిన్నప్పటి సంగతులే అడుగుతూ కూర్చోవడం అన్యాయం అనిపిస్తుంది నాకు.

మరి సైకోడైనమిక్ థెరపీ ఎందుకంటే, కొందరికి ప్రతి బంధమూ ఒకే రకంగా తెగిపోతుంటుంది, అదే కథ మీతోనూ మొదలవుతుంది. మీరు సెలవు పెడితే వదిలేశారనుకుంటారు, హోమ్‌వర్క్ చేయకుండా వస్తారు. నా మొదటి ఏడాదిలో ఒక క్లయింట్ అలా వస్తే శ్రద్ధ లేదనుకున్నాను, తర్వాత రావడం మానేశారు. ఆ చేయకపోవడం వెనక ఉన్న కోపం నాకు వినపడలేదు, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. పాత బంధాల్లోని భావాలు ఇలా థెరపిస్టు మీదకి రావడాన్నే సైకోఎనాలిసిస్ మొదలుపెట్టిన ఫ్రాయిడ్ ట్రాన్స్‌ఫరెన్స్ అన్నారు. దాన్ని పట్టుకోవాలంటే థెరపిస్టు తనూ థెరపీ తీసుకోవాలి, దానికి ఏళ్లు పడుతుంది, ఖర్చూ ఎక్కువే.

ఈ రెండూ శత్రువులేం కావు. సీబీటీకి పునాది అయిన కాగ్నిటివ్ థెరపీని 1960లలో రూపొందించిన ఆరన్ బెక్ ముందు ఫ్రాయిడ్ పద్ధతిలో, అంటే సైకోఎనలిస్టుగానే శిక్షణ పొందారు. డిప్రెషన్ అంటే లోపలికి తిరిగిన కోపం అన్న సిద్ధాంతాన్ని పరీక్షిద్దామని రోగుల కలలు చూస్తే, వాటిలో కోపం కన్నా ఓటమి, నష్టం ఎక్కువగా కనిపించాయి. అక్కడినుంచే ఆయన దారి మారింది.

కోర్సు ఎంచుకునేటప్పుడు మాత్రం పేరు కన్నా ముందు ఒకటి అడగండి: నా సెషన్ల రికార్డింగులు (క్లయింట్ ఒప్పుకుంటేనే) ఎవరు వింటారు, ఎన్ని గంటలు వింటారు? సూటిగా జవాబు రాకపోతే ఇంకో కోర్సు చూసుకోండి.