బెజవాడలో ప్రెజెంటేషన్ వర్క్‌షాపుకి డబ్బు కట్టబోయేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

బెంజి సర్కిల్ దగ్గర ఒక హోటల్లో శని, ఆదివారాలు పెట్టే ప్రెజెంటేషన్ శిక్షణ గురించి ఈ పోస్టు. ఫీజు 12,000, దాని మీద 18 శాతం జీఎస్టీ. "మీ స్లైడ్లు తెచ్చుకోండి సార్, స్టేజి మీద మీచేత చెప్పించి తప్పులు దిద్దుతాం" అని ఫోన్లో చెప్పారు. నేను కట్టింది ఆ ఒక్క మాటకే.

మాది గుంటూరులో కారం పొడి వ్యాపారం. చెన్నైలో ఒక మసాలా కంపెనీకి మా సరుకు గురించి చెప్పుకోవాలి.

హాలు కిక్కిరిసిపోయింది. పొద్దున్నంతా పాటలు, చప్పట్లు, పక్కవాడి భుజం తట్టడాలు, ట్రైనర్ గారు కారు కొన్న కథ. తర్వాత తెర మీద పెద్ద అక్షరాలతో: మాటల ప్రభావం 7 శాతమే, గొంతు 38, హావభావాలు 55. కాబట్టి ఏం చెప్తున్నామన్నది పెద్ద విషయం కాదట! ఆ లెక్క ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే ప్రొఫెసర్ 1967లో చేసిన ప్రయోగాలది. విడి విడి మాటల్ని రకరకాల గొంతుల్లో వినిపించి, ముఖాల ఫొటోలు చూపించి, ఎదుటి మనిషికి మన మీద ఇష్టమో అయిష్టమో జనం ఎలా పసిగడతారని చూశారు, అంతే. భావాలు, ఇష్టాయిష్టాల గురించి మాట్లాడేటప్పుడు తప్ప ఇది వర్తించదని ఆయనే చెప్పారు. కోర్సు అమ్మేవాళ్లు ఎవరైనా ఈ అంకెలు చూపిస్తే అక్కడే లేచి వచ్చేయొచ్చు.

మా కొనుగోలుదారుడు అడిగేది ఏంటి? ఆస్టా రంగు (కారం ఎరుపుదనాన్ని కొలిచే అంకె) ఎంత, తేమ ఎంత, అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల చేరే విషం) రిపోర్టు ఏ ల్యాబుది, తేజ రకం మిరప ఎంత కలిపారు, బ్యాడిగి రకం ఎంత కలిపారు. నేను చేతులు ఎంత చాపి మాట్లాడినా రంగు విలువ ఒక్క పాయింటు పెరగదు కదండీ.

నా వంతు రానే లేదు. టీ టైములో అసిస్టెంటు కుర్రాడు నా ల్యాప్‌టాప్‌లో మొదటి స్లైడు చూసి, "బ్యాక్‌గ్రౌండ్ పసుపు పెట్టండి అంకుల్, ఎనర్జీ వస్తుంది" అని సమోసా తింటూ వెళ్లిపోయాడు. నాకు దక్కిన శిక్షణ అదే. ఆ స్లైడు నిండా మా తాతగారి ఫొటో, కొట్టు చరిత్ర ఉన్నాయి. వాటిని వెనక్కి నెట్టి ల్యాబు రిపోర్టు ముందు పెట్టమని తర్వాత చెప్పింది మిర్చి యార్డులో పాత ఎగుమతిదారుడు ఒకాయన, పైసా తీసుకోకుండా.

ఆదివారం సాయంత్రం అసలు బేరం బయటపడింది. స్టేజి ప్రాక్టీసు "అడ్వాన్స్‌డ్ బ్యాచ్"లో ఉంటుందట, 45,000, ఇవాళే కడితే సగం. డబ్బు వెనక్కివ్వమంటే రసీదు వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న "నో రీఫండ్" చూపించారు. అదే రసీదు మీద జీఎస్టీ నంబరు మాత్రం లేదు. మన ఆంధ్రా నంబరైతే 15 అక్షరాలుండి 37తో మొదలవుతుంది, జీఎస్టీ పోర్టల్లో కొడితే ఎవరిదో తెలిసిపోతుంది. కట్టకముందే అడగండి. బ్యాచ్‌లో ఎంతమంది, ఒక్కొక్కరికి స్టేజి మీద ఎన్ని నిమిషాలు అన్నది కూడా వాట్సాప్‌లో రాయించుకోండి. ఫోన్ మాట పనికిరాదు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంటు నమోదు చేయించాను. వాళ్ల నుంచి ఇంకా జవాబు లేదు. జిల్లా వినియోగదారుల కమిషన్లో, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు ఉండదు. ఒకే రకంగా నష్టపోయినవాళ్లు కమిషన్ అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు వేసుకోవచ్చు, 2019 చట్టంలో ఆ వీలుంది. ఇలాంటి రసీదు మీ దగ్గర కూడా ఉంటే ఫొటో తీసి నాకు మెసేజ్ పెట్టండి.