పెంఫిగస్ వల్గారిస్‌కు ఆసుపత్రి వైద్యం: కొన్నేళ్లుగా చికిత్సలో ఉన్న రోగి సమీక్ష

పెంఫిగస్ వల్గారిస్ అనే అరుదైన చర్మవ్యాధికి నేను కొన్నేళ్లుగా చికిత్స పొందుతున్నాను. ఈ జబ్బులో మందుకు ఎంత ప్రాధాన్యం ఉందో, ఊడిపోతున్న చర్మాన్ని ఆసుపత్రి సిబ్బంది ఎలా కాపాడుతారన్నదానికీ అంతే ప్రాధాన్యం ఉందని నా అనుభవం చెబుతోంది. చర్మకణాలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే డెస్మోగ్లీన్ అనే ప్రొటీన్ల మీద రోగాలతో పోరాడేందుకు మన శరీరం తయారుచేసుకునే యాంటీబాడీలే దాడి చేయడంతో పైపొర విడిపోయి బొబ్బలు లేస్తాయి. ఇది అంటువ్యాధి కాదు. ఆ మాట పక్క మంచాలవారికి డాక్టరే స్వయంగా చెప్పడం నాకు పెద్ద ఊరట.

చాలామందికిలాగే నాకూ జబ్బు నోటిలోనే మొదలైంది. ముందుగా చూపించుకున్న క్లినిక్‌లో మానని నోటిపుండ్లకు విటమిన్ మాత్రలతో సరిపెట్టారే తప్ప బయాప్సీ మాట ఎత్తలేదు, ఈలోగా బొబ్బలు ఛాతీకి, వీపుకు పాకాయి. చర్మవ్యాధుల విభాగం ఉన్న ఆసుపత్రిలో మాత్రం తాజా బొబ్బ అంచు నుంచి ఒక ముక్క, దాని పక్కనే బాగున్న చర్మం నుంచి మరో ముక్క తీశారు. రెండోది ఇమ్యునోఫ్లోరెసెన్స్ పరీక్ష కోసం, అంటే చర్మంలో పేరుకున్న యాంటీబాడీలను మెరిసే రంగుతో గుర్తించేందుకు. దాన్ని మామూలు బయాప్సీ ముక్కల్లా ఫార్మలిన్‌లో వేస్తే పనికిరాదు కాబట్టి వేరే ద్రావణంలో పంపారు. ఆ తేడా తెలిసిన చోటే బయాప్సీ చేయించుకోవడం మంచిది.

నేను అత్యధిక మార్కులు వేసేది నర్సింగ్‌కే. జిగురు ప్లాస్టర్ పీకితే దానితోపాటు చర్మమూ ఊడివస్తుంది కనుక, సెలైన్ సూదిని కూడా వారు మెత్తటి బ్యాండేజీ చుట్టే నిలిపేవారు. బీపీ పట్టీ కట్టేముందు చేతికి దూది పొర చుట్టేవారు. వాసెలిన్ పూసిన గాజుగుడ్డ పుండుకు అతుక్కుంటే ఒక్కసారిగా లాగకుండా, గోరువెచ్చని సెలైన్‌తో నానబెట్టి, అది దానంతటదే వదులయ్యేదాకా ఓపికగా ఆగేవారు. డ్రెస్సింగ్‌కు అరగంట ముందే నొప్పి మాత్ర ఇచ్చేవారు. సెలవు రోజుల్లో వచ్చే కొత్త సిబ్బందికి ఇవేవీ తెలియకపోవడంతో ఒకసారి మోచేతి దగ్గర ప్లాస్టర్ అంటించారు. అది తీసినప్పుడు అయిన పుండు అసలు బొబ్బల కంటే ఆలస్యంగా మానింది. ఈ జాగ్రత్తలు మంచం దగ్గరే రాసి పెట్టి ఉంటే ఆ బాధ తప్పేది.

మందుల విషయానికొస్తే, స్టెరాయిడ్లు రాకముందు ఈ జబ్బు వచ్చినవారిలో ఎక్కువమంది కొద్ది సంవత్సరాల్లోనే చనిపోయేవారు, కాబట్టి వాటి మేలును తక్కువ చేయలేను. అయితే పెద్ద మోతాదులో వాడినప్పుడు నాకు చక్కెర పెరిగింది, నిద్ర పోయింది, ముఖం ఉబ్బింది. రిటక్సిమాబ్ మొదలుపెట్టాకే ఆ మోతాదు క్రమంగా తగ్గించగలిగారు. యాంటీబాడీల తయారీకి మూలమైన బి కణాలనే తెల్ల రక్తకణాలను తొలగించే ఈ మందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో ఈ జబ్బుకు అనుమతినిచ్చింది. 2017లో వెలువడిన ఫ్రాన్స్ పరిశోధనలో, రిటక్సిమాబ్‌తోపాటు కొంతకాలం ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ వాడినవారిలో 89 శాతం మంది రెండేళ్లకు స్టెరాయిడ్ అవసరం లేకుండా పూర్తి ఉపశమనంతో ఉండగా, ప్రెడ్నిసోన్ ఒక్కటే వాడినవారిలో అలాంటివారు 34 శాతమే. నాకు రెండు వారాల తేడాతో 1000 మిల్లీగ్రాముల చొప్పున రెండు డోసులు సెలైన్‌లా నరంలోకి ఎక్కించారు. మొదటిసారి వణుకు పుట్టగానే చుక్కల వేగం తగ్గించి, అది తగ్గాక మళ్లీ మెల్లగా పెంచారు. బొబ్బలు రావడం వెంటనే ఆగిపోదు, కొన్ని వారాలు ఓపిక పట్టాలి. నోటిపుండ్లు అన్నిటికంటే చివరన మానాయి. కారం లేని మెత్తటి ఆహారం అంతకాలమూ తప్పలేదు.

నాకు లోటుగా తోచింది డిశ్చార్జి తర్వాతి సంగతి. రిటక్సిమాబ్‌కు ముందు హెపటైటిస్ బి పరీక్ష చేశారు, ఎముకల కోసం క్యాల్షియం, విటమిన్ డి రాశారు. అయితే రోగనిరోధక శక్తి తగ్గి ఉన్న ఆ నెలల్లో జ్వరం వస్తే రాత్రివేళ ఎవరిని సంప్రదించాలో చీటీలో లేదు. ఈ జబ్బులో ప్రాణాపాయం ఎక్కువగా ఇన్ఫెక్షన్ల వల్లే కాబట్టి, ప్రతి చీటీలోనూ ఆ ఫోన్ నంబరు ఉండాలని డిపార్ట్‌మెంటుకు రాతపూర్వకంగా కోరాను.