పోర్ట్ బ్లెయిర్‌లో మా ఇంటి సోలార్, బ్యాటరీ: ఆరేళ్ల తర్వాత

శ్రీకాకుళం నుంచి అండమాన్ వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు) స్థిరపడ్డవాళ్లం. చేపల వ్యాపారం మాది. డీప్ ఫ్రీజర్ రాత్రీ పగలూ నడవాల్సిందే. ఇక్కడికి దేశం గ్రిడ్ లైను లేదు. కరెంటు ఎక్కువగా డీజిల్ జనరేటర్లదే, ఆ డీజిల్ ఓడలో రావాలి. తుఫాను హెచ్చరిక వినగానే మాకు టెన్షన్.

మొదట ఒక షాపాయన బ్యాటరీ లేకుండా నేరుగా లైన్ కరెంటుకు కలిపే ఆన్-గ్రిడ్ సోలార్ చవక అన్నాడు. కరెంటు పోతే అదీ ఆగిపోతుందని చెప్పలేదు. లైన్ మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా దాన్ని అలాగే తయారుచేస్తారు. పక్కింటివాళ్లది చూసి తెలుసుకుని, 3 కిలోవాట్ల ప్యానెళ్లు, సోలార్, బ్యాటరీ, లైన్ కరెంటు మూడింటినీ కలిపి నడిపే హైబ్రిడ్ ఇన్వర్టర్, నాలుగు ట్యూబులర్ (లెడ్-యాసిడ్) బ్యాటరీలు పెట్టించాం.

ప్యానెళ్లకు వంక పెట్టడానికి లేదు. బ్యాటరీలు మాత్రం మూడేళ్లకే నీరసించాయి. రోజూ రాత్రి లోతుగా వాడేస్తే, ఈ ఉక్కలో అంతే. తర్వాత 5 యూనిట్ల కరెంటు నిలవుంచే లిథియం బ్యాటరీ తీసుకున్నాం. ఫ్రీజర్, రెండు ఫ్యాన్లు, లైట్లు రాత్రంతా నడిచినా తెల్లారేసరికి సగం మిగులుతోంది.

ఇక్కడ అసలు శత్రువు ఉప్పుగాలి. రెండో ఏడు ప్యానెల్ తుడుస్తుంటే బోల్టు తల చేతిలోకి ఊడొచ్చింది, లోపలంతా ఎర్రటి పొడి. వెంటనే క్లాంపులన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించాం. మీరైతే మొదటి రోజే అడగండి. ఇంకోసారి ఇన్వర్టర్ బోర్డు కాలింది. కొత్తది చెన్నై నుంచి ఓడలో రావడానికి నెల పట్టింది. ఇన్వర్టర్‌ను తప్పించి నేరుగా లైన్ కరెంటు వాడుకునే చేంజోవర్ స్విచ్ ఉండబట్టి బతికాం. అప్పటినుంచి ఫ్యూజులు, కనెక్టర్లు, ఇన్వర్టర్ లోపలి ఫ్యాను ఒకటి డబ్బాలో దాచి ఉంచుతున్నాం.

మే నుంచి డిసెంబరు దాకా వానలే. వరసగా రెండు రోజులు ముసురు పడితే బ్యాటరీ నిండదు. ఫ్రీజర్‌లో ఖాళీ ఉన్నచోటల్లా నీళ్ల సీసాలు గడ్డకట్టించి పెడతాం, కరెంటు లేకపోయినా చల్లదనం చాలాసేపు నిలుస్తుంది. ఊరికోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎల్‌సీ 20 మెగావాట్ల సోలార్‌కు 8 మెగావాట్-అవర్ (8 వేల యూనిట్ల) బ్యాటరీ జతచేసిందీ ఇలాంటి లెక్కతోనే: మబ్బు పట్టగానే ఉత్పత్తి పడిపోకూడదు.

ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్‌లో ఉండే మా వదిన తనూ పెట్టించుకుంటానంటే, "ప్యానెళ్ల సంగతి తర్వాత వదినా, రాత్రి ఏమేం ఆగకూడదో ముందు కాగితం మీద రాయి" అన్నాను. ఆమె రాసిన మొదటి పేరు మావయ్యగారికి ఊపిరి మందు పట్టే నెబ్యులైజర్. బ్యాటరీ లెక్క దాన్నుంచే మొదలుపెట్టాం.