కాపర్ పెప్టైడ్ సీరంతో 14 నెలలు: ఒక్క రాత్రి కూడా మండలేదు

రాత్రి ముఖానికి ఏదైనా రాసుకుని, ఎప్పుడు మండుతుందోనన్న టెన్షన్ లేకుండా పడుకోవడం ఎంత హాయో, ముడతలకు రాసే రెటినాల్ (విటమిన్ ఎ రూపం) వాడి ఇబ్బంది పడ్డవాళ్లకే తెలుస్తుంది. నాకు ముక్కు పక్కన పొట్టు లేచింది. చివరికి మామూలు నీళ్లు తగిలినా చురుక్కుమనేది. అది ఆపేశాక మొదలుపెట్టిందే ఈ నీలం రంగు కాపర్ పెప్టైడ్ సీరం. ఇప్పుడు మూడో సీసాలో ఉన్నాను. ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా మంట లేదు, దురద లేదు. దీని మీద నాకున్న ఇష్టమంతా ఈ ఒక్క గుణం వల్లే.

అయితే మొదటి రెండు నెలలు నేను దీన్ని చాలావరకు పాడుచేసుకున్నాను. పొద్దున్నే విటమిన్ సి సీరం రాసుకుని, అది ఆరీ ఆరకముందే పైన ఇది రాసేదాన్ని. రెండూ మంచివే కదా, కలిస్తే ఇంకా మంచిదనుకున్నాను. ఒకరోజు తొందరలో రెండింటినీ అరచేతిలోనే వేసి వేలితో కలిపాను. చూస్తుండగానే నీలం వెలిసిపోయింది. కాసేపటికి చేతిలో రంగులేని నీళ్లలాంటిది మిగిలింది. మనసు చివుక్కుమంది. ముఖం మీద రోజూ జరుగుతున్నది ఇదేనా అనిపించింది.

తర్వాత చదివితే అర్థమైంది. ఆ నీలం పైపైన కలిపిన రంగు కాదు. పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. ఇందులో గ్లైసిన్, హిస్టిడిన్, లైసిన్ అనే మూడింటి గొలుసు రాగిని పట్టుకుని ఉండటం వల్ల వచ్చే రంగు అది. ఆస్కార్బిక్ ఆమ్లం రూపంలో విటమిన్ సి ఉండే సీరంలకు పులుపు ఎక్కువ, పీహెచ్ సాధారణంగా 3.5 లోపే ఉంటుంది. అంత పులుపులో ఆ పట్టు సడలిపోతుంది. పైగా విడిపడిన రాగి విటమిన్ సిని కూడా త్వరగా చెడగొడుతుంది. అంటే రెండు సీసాలూ నష్టమే. ఈ సంగతి డబ్బా మీద ఒక్క వాక్యమైనా రాయకపోవడం నాకు ఇప్పటికీ కోపమే. ఇప్పుడు విటమిన్ సి పొద్దున, పెప్టైడ్ రాత్రి. చర్మం పైపొరలోని మృతకణాలను తొలగించే గ్లైకాలిక్ ఆమ్లం కూడా పులుపుదే కాబట్టి, అది వాడే రాత్రి పెప్టైడ్ జోలికి వెళ్లను.

ఇక ముడతల సంగతి. ఆరు నెలలప్పుడు కళ్ల చివర గీతలు తగ్గాయని తెలిసినవాళ్లందరికీ చెప్పాను. ఆ మాటను కొంచెం వెనక్కి తీసుకోవాలి. పాత ఫొటోలో వెలుగు పక్కనుంచి పడింది, కొత్తదాంట్లో ఎదురుగా పడింది. వెలుగు పక్కనుంచి పడితే ఎవరి ముఖంలోనైనా గీతలు లోతుగానే కనిపిస్తాయి. 2005లో పామిటాయిల్ పెంటాపెప్టైడ్ అనే వేరే పెప్టైడ్‌ను ముఖంలో ఒక సగానికే 12 వారాలు రాసి చూసిన పరీక్ష గురించి చదివి, నేనూ అలాగే చేశాను. ఎడమ వైపు సీరం, మాయిశ్చరైజర్. కుడి వైపు మాయిశ్చరైజర్ ఒక్కటే. ప్రతి ఆదివారం అదే కిటికీ దగ్గర, అదే వేళకు ఒక ఫొటో.

12 వారాల తర్వాత గీతల్లో నాకు తేడా కనిపించలేదు. ముక్కు పక్కన ఎర్రదనం మాత్రం ఎడమ వైపు త్వరగా చల్లారింది. కానీ నేను కుడి వైపు తిరిగి పడుకుంటాను, దిండు రాపిడి అటే ఎక్కువ. కాబట్టి ఆ మెరుగంతా సీరం ఖాతాలో వేయలేను. ఆరు నెలలప్పుడు నాకు కనిపించిన నునుపు కూడా అందులోని హైలురోనిక్ ఆమ్లం, గ్లిజరిన్ ఇచ్చిన తేమ వల్లే అయుండొచ్చు.

ముఖ కండరాలను సడలించి ముడతలు తగ్గించే బోటాక్స్ ఇంజెక్షన్‌కు బదులంటూ అమ్మే ఆర్జిరెలిన్ పెప్టైడ్ కూడా ఒక సీసా వాడాను. నుదుటి మీద ఏ మార్పూ లేదు. బరువు 500 డాల్టన్లు (అణువుల బరువు కొలిచే ప్రమాణం) దాటిన అణువులు చర్మంలోకి దిగడం కష్టమంటారు. దాని బరువు దాదాపు 889. కండరం దాకా ఎలా చేరుతుందో నాకు అంతుపట్టలేదు, మళ్లీ కొనలేదు.

మీ చర్మం రెటినాల్‌ను తట్టుకుంటుంటే, గీతల కోసం దాన్ని వదిలేసి ఇటు రమ్మని నేను చెప్పను. నాది తొందరగా ఎర్రబడే పొడి చర్మం, వయసు నలభై దాటింది, సన్‌స్క్రీన్ ఒక్క రోజు కూడా మానను. ఈ పరిస్థితుల్లో నాకు ఇది నప్పింది. నాలుగో సీసా కొంటాను. ఈసారి దీనితో పాటు రెటినాల్‌ను వారానికి ఒక్క రాత్రి, అదీ ముక్కు పక్కన తగలకుండా, మళ్లీ మొదలుపెట్టి చూడాలని ఉంది.